యూనివర్సిటీలో చేరుతున్నా, ధర్నాలకి వెళ్ళాలంటే భయం

ప్రశ్న: వచ్చే నెల నుంచి క్లాసులు. అన్యాయం చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు, కానీ లేచి డౌట్ అడగాలన్నా గొంతు ఎండిపోద్ది, అలాంటిది ప్లకార్డ్ పట్టుకుని నిలబడితే సస్పెండ్ చేస్తారేమో, ఎవరూ ఫ్రెండ్స్ అవ్వరేమో అని నిద్ర పట్టట్లేదు.

జవాబు 1: 1960లో అమెరికాలో గ్రీన్స్‌బరోలో నల్లవాళ్ళకి వడ్డించని లంచ్ కౌంటర్ దగ్గర కెళ్ళి కూర్చున్న నలుగురూ ఫస్టియర్ కుర్రాళ్ళే తమ్ముడూ. కాఫీ అడిగారు, ఇవ్వలేదు, కదల్లేదు. కొన్ని రోజుల్లోనే వందలమంది చేరారు, జులైకల్లా ఆ కౌంటర్ అందరికీ తెరిచారు.

జవాబు 2: ముందు రూల్స్ చదువుకో, పర్మిషన్ ఉందో లేదో కనుక్కో, ఒంటరిగా మాత్రం వెళ్ళకు. మీటింగుల్లో వెనక కూర్చుని విన్నా చాలు, నాకు ఫ్రెండ్స్ దొరికింది అక్కడే.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అన్నా, మొదటి మీటింగుకైతే కచ్చితంగా వెళ్తా.