లినక్స్ కోసం లాప్‌టాప్: కొనేముందు ఏమి చూసుకోవాలి?

ప్రశ్న – ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ ఏడాది ఇంజనీరింగ్‌లో కంప్యూటర్ సైన్స్ తీసుకుంది. మొదటి నుంచీ ఉబుంటు (విండోస్‌కు బదులు వాడే లినక్స్‌లో ఒక రకం) మీదే పని నేర్చుకోవాలన్నది తన పట్టుదల. నాకూ అది మంచి నిర్ణయమే అనిపించింది. రూ.55,000 లోపు కొత్త లాప్‌టాప్ కోసం ద్వారకానగర్‌లో కొన్ని దుకాణాలు తిరిగాము. ‘ఏది కొన్నా లినక్స్ ఎక్కుతుందండీ’ అని అందరూ అంటున్నారు గానీ, మా బంధువుల అబ్బాయి లాప్‌టాప్‌లో ఉబుంటు ఎక్కించాక వైఫై జాడే లేకపోవడం, చివరికి ఫోన్‌ను కేబుల్‌తో కలిపి నెట్ వాడుకోవలసి రావడం మేము కళ్లారా చూశాము. కొనేముందే ఏమి పరీక్షించుకోవాలి? విండోస్ లేకుండా డాస్ అనే పాత, సాదా సిస్టమ్‌తో వచ్చేవి తక్కువ ధరకు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

జవాబు – మధురవాడ

నమస్కారమండీ. లినక్స్ ఎక్కడం ఒక ఎత్తు, ఎక్కాక అన్ని భాగాలూ పనిచేయడం ఒక ఎత్తు. దుకాణంవారి మాట మొదటిదానికే వర్తిస్తుంది.

కంపెనీ పేరును బట్టి కాక, లోపలి చిప్‌లను బట్టి ఎంచుకోండి. ఒకే మోడల్ పేరుతో అమ్మే లాప్‌టాప్‌లలోనే ఒకదానిలో ఇంటెల్ వైఫై కార్డు, మరొకదానిలో రియల్‌టెక్ లేదా మీడియాటెక్ కార్డు ఉండవచ్చు. ఇంటెల్ కార్డుల డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) లినక్స్ కెర్నెల్‌లోనే, అంటే దాని మూలభాగంలోనే, ఉంటుంది కనుక వాటితో ఇబ్బంది అరుదు. రియల్‌టెక్‌లో కొన్ని చక్కగా పనిచేస్తాయి. కొన్నింటికి డ్రైవర్‌ను విడిగా తెచ్చి కంపైల్ చేసుకోవాలి, అంటే కోడ్ నుంచి మనమే తయారుచేసుకోవాలి. చదువు మొదలుపెట్టే పిల్లకు ఆ తిప్పలు ఎందుకు? మోడల్ మరీ కొత్తదైతే ఇంకొక చిక్కు ఉంది: ఉబుంటు 24.04 మొదట 6.8 కెర్నెల్‌తో వచ్చింది కాబట్టి, ఆ తరువాత వచ్చిన చిప్‌లను అది గుర్తించకపోవచ్చు.

అన్నింటికంటే నమ్మదగిన పరీక్ష ఇది. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు సిద్ధం చేసుకుని దుకాణానికి తీసుకువెళ్లి, దానినుంచి లాప్‌టాప్‌ను బూట్ (ప్రారంభం) చేయనివ్వమని అడగండి. ‘ట్రై ఉబుంటు’ ఎంచుకుంటే డిస్కులో ఏదీ మారదని వారికి ముందే చెప్పండి. టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి ‘ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే’ (lspci -nnk) అని కొట్టించండి. నెట్‌వర్క్ కంట్రోలర్ కింద ‘కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే వరుస కనిపించి, దాని ఎదుట ‘ఐడబ్ల్యూఎల్‌వైఫై’ (iwlwifi) వంటి పేరు ఉంటే ఆ కార్డుకు డ్రైవర్ దొరికినట్లే. ఆ వరుసే లేకపోతే ఆ లాప్‌టాప్‌ను వదిలేయండి. తరువాత మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి చూడండి, ఒక పాట వినండి, కెమెరా తెరవండి, మూత వేసి కాసేపాగి తీయండి. నిద్ర నుంచి సరిగ్గా లేవని యంత్రం రోజూ విసిగిస్తుంది. ఈ పరీక్ష ప్రదర్శనకు పెట్టినదానిపై కాక, మీకు ఇవ్వబోయే పెట్టెలోని లాప్‌టాప్‌పైనే, బిల్లు వేయకముందే జరగాలి.

జవాబు – గాజువాక

పై సలహాకు గ్రాఫిక్స్ సంగతి జోడిస్తాను. ఏఎండీ, ఇంటెల్ ప్రాసెసర్లలో కలిసి వచ్చే గ్రాఫిక్స్‌కు డ్రైవర్లు కెర్నెల్‌లోనే ఉంటాయి. ఎన్విడియా కార్డు ఉంటే ఆ కంపెనీ డ్రైవర్‌ను విడిగా వేసుకోవలసి వస్తుంది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే ఒక కీని కూడా నమోదు చేయాలి. మీ అమ్మాయి మెషీన్ లెర్నింగ్ వైపు వెళ్లి ‘కుడా’ (CUDA – ఎన్విడియా కార్డుపై లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) వాడవలసి వస్తే ఎన్విడియా తప్పదు గానీ, మొదటి ఏడాదికి అది అనవసరమని నా అభిప్రాయం. ఆ డబ్బుతో 16 జీబీ ర్యామ్ తీసుకోండి.

డాస్ లాప్‌టాప్ నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. వాడని విండోస్‌కు డబ్బు కట్టనక్కరలేదు. అయితే కాలేజీ ఆన్‌లైన్ పరీక్షలకు విండోస్‌లో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్ పెడుతున్నారేమో ముందు కనుక్కోండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే పరీక్షించి, ఇంటెల్ ప్రాసెసర్, ఇంటెల్ వైఫై ఉన్న డాస్ లాప్‌టాప్ తీసుకున్నాము. వైఫై, శబ్దం, కెమెరా అన్నీ బాగున్నాయి. కానీ ఇంట్లో ఇన్‌స్టాల్ చేయబోతే డిస్కు కనిపించడం లేదు. ఆర్‌ఎస్‌టీని ఆపమని తెర మీద వస్తోంది. కంగారుగా ఉంది.

జవాబు – మధురవాడ

కంగారు పడకండి, డిస్కు బాగానే ఉంటుంది. బయోస్‌లోకి (లాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగులలోకి) వెళ్లి, స్టోరేజ్ విభాగంలో ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ (రెండూ డిస్కులను నిర్వహించే ఇంటెల్ పద్ధతులు) అని ఉన్నదాన్ని ఆపి, మామూలు పద్ధతైన ఏహెచ్‌సీఐ ఎంచుకుని సేవ్ చేయండి. మళ్లీ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే డిస్కు కనిపిస్తుంది. విండోస్ ఉన్న యంత్రంలో ఈ మార్పు చేస్తే అది బూట్ కాకుండా పోయే ప్రమాదం ఉంది, మీది డాస్ కాబట్టి ఆ బెడద లేదు. కొన్ని లాప్‌టాప్‌లలో ఈ ఎంపిక అడ్వాన్స్‌డ్ మెనూలో ఉంటుంది. దొరకకపోతే మోడల్ నంబరు ఇక్కడ రాయండి.