స్కూల్లో చేతికి నల్ల రిబ్బను: మా అమ్మాయిది తప్పా?

కొలంబస్ అమ్మ: మేం అమెరికాలో ఉంటాం. మా అమ్మాయి తొమ్మిదో క్లాసు, పబ్లిక్ స్కూలు, అంటే ఇక్కడ ప్రభుత్వ బడి. స్కూళ్లలో కాల్పులకు నిరసనగా నా పాత చున్నీ అంచు కత్తిరించి మోచేతి పైన కట్టుకెళ్లింది. అసిస్టెంట్ ప్రిన్సిపాల్ తీసెయ్యమంటే తియ్యనందట. సాయంత్రం మాకు ఫోను. ఏం చెయ్యమంటారు?

గోదారిగట్టు: తియ్యక్కర్లేదండీ. 1965 డిసెంబరులో అయోవాలోని డెమోయిన్‌లో వియత్నాం యుద్ధం వద్దని పిల్లలు ఇలాగే నల్ల రిబ్బన్లు కట్టుకొస్తే సస్పెండ్ చేశారు. వాళ్లలో మేరీ బెత్ టింకర్ అనే అమ్మాయికి అప్పుడు 13 ఏళ్లు. 1969లో సుప్రీంకోర్టు 7-2తో పిల్లల పక్షానే తీర్పిచ్చింది. చదువులకి బాగా ఆటంకం కలుగుతుందని స్కూలు చూపించాలి. ఎవరికో నచ్చలేదంటే చాలదు.

టెక్సాస్ రావు: ఆటంకమో కాదో తేల్చేది ప్రిన్సిపాలే కదా! మావాడు వాకౌట్‌లో బయటికెళ్తే ఆబ్సెంట్ వేసి డిటెన్షన్ (బడిలో విడిగా కూర్చోబెట్టే శిక్ష) ఇచ్చారు. ఏ కోర్టు అడ్డొచ్చింది?

గోదారిగట్టు: క్లాసు ఎగ్గొడితే ఎవరికైనా వేసే శిక్షే వెయ్యొచ్చు, నిరసన చేశాడని ఎక్కువ వెయ్యకూడదు. ఈ పిల్ల క్లాసులోనే కూర్చుంది కదండీ.

టెక్సాస్ రావు: డిటెన్షన్‌లో కూర్చున్నది మావాడు.

చిన్ని: ప్రైవేటు స్కూలుకి ఈ తీర్పు వర్తించదు, గమనించగలరు.

నల్గొండ మాస్టారు: మన దేశంలోనూ ఉంది. 1985లో కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకి చెందిన పిల్లలు ముగ్గురు జాతీయగీతానికి లేచి నిలబడ్డారు, పాడలేదు. బడి నుంచి తీసేశారు. మన తెలుగాయన, సుప్రీంకోర్టు జస్టిస్ చిన్నప్ప రెడ్డి గారి బెంచి 1986లో తిరిగి చేర్చుకోమంది.

టెక్సాస్ రావు: అమెరికా వాళ్ల దేశం, వాళ్ల కోర్టు. ఇక్కడ మనమెవరం?

గోదారిగట్టు: పౌరసత్వం చూసి ఇచ్చిన తీర్పు కాదది. మీలాంటివాళ్లు తలొంచుకుని బతకమని నూరిపోస్తారు కాబట్టే పిల్లలు ఇంట్లో ఏదీ చెప్పరు!

టెక్సాస్ రావు: ఒంచక ఏం చెయ్యాలి? ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నాం. 21 నిండితే వాడికి నా వీసా మీద ఉండే దారి పోతుంది. అప్పుడు వాడంతట వాడు వీసాకి వెళ్తే, స్కూల్లో ఏం గొడవ చేశావని ఆఫీసరు అడిగితే మీ 1969 తీర్పు చూపించమంటారా? నా భయం డిటెన్షన్ గురించి కాదు.

కొలంబస్ అమ్మ: మా ఆయనదీ అదే మాట. అమ్మాయి ఇక్కడే పుట్టింది, మేమిద్దరం వీసా మీదున్నాం. రేపు మీటింగులో ఏ రూలు ప్రకారం తియ్యమన్నారో రాసిమ్మని అడుగుతాను. కట్టుకోవాలో వద్దో అమ్మాయే తేల్చుకుంటుంది.

టెక్సాస్ రావు: అంత చిన్నపిల్లకి వదిలేస్తారా? నేనైతే వదలను.