అప్‌డేట్: చిన్న చెరువులో గాలానికి అన్నీ చిన్న తిలాపియాలే ఎందుకు?

గాలానికి అరచేతిలో పట్టేంత తిలాపియాలే పడుతున్నాయి, ఈ చెరువులో పెద్ద చేపలు లేవా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే పట్టినవాటి నోళ్లు తెరిచి చూశాను, కొన్నింటి నోట్లో గుడ్లున్నాయి! అంటే అవి పిల్లలు కావు, సైజు పెరగకుండానే గుడ్లు పెట్టేస్తున్న, వయసుకొచ్చిన చేపలే. తిలాపియా కొన్ని నెలల వయసుకే గుడ్లు పెట్టగలదు, ఆడది గుడ్లనూ పిల్లలనూ నోట్లోనే దాచి కాపాడుతుంది కాబట్టి చాలా బతికేస్తాయి, చెరువు చిన్నది, ఉన్న మేత అన్నింటికీ చాలక ఏదీ పెరగదు. అందుకే చిన్నవాటిని వదిలేయడం ఇక్కడ మేలు చేయదు, ఇకపై పడినవన్నీ కూరకే.

వదలాల్సింది కొర్రమీనుని. చిన్న తిలాపియాల్ని తిని తగ్గించేది అదే, పైగా పిల్లల గుంపుకి కాపలా కాసే జంటని పట్టేస్తే ఆ పిల్లలన్నీ మిగతా చేపల పాలే.

ఇంకోటి, నీళ్లు బాగా పచ్చగా ఉన్నప్పుడు మరీ తెల్లవారుజామున వెళ్లకండి. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడేస్తుంది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి, ఎర వైపు చూడవు. ఎండెక్కాక గాలం తాడుకి కట్టిన బెండు బాగా కదులుతోంది.