యూకే లోన్ ఛార్జ్: 2009–13 అప్పుల్లో ఏవి లెక్కలోకి వస్తాయి?

ప్రశ్న: 2009–13లో ఇంగ్లండ్‌లో అంబ్రెల్లా కంపెనీ (కాంట్రాక్టర్లను తన ఉద్యోగులుగా చూపి జీతమిచ్చే మధ్యవర్తి సంస్థ) ద్వారా కాంట్రాక్టు పని. పేస్లిప్‌లో కనీస వేతనం, మిగతాదంతా ట్రస్టు ఇచ్చిన ‘అప్పు’. డోటాస్ (పన్ను తప్పించుకునే స్కీముల వివరాలు ప్రభుత్వానికి తెలిపే విధానం) నంబరు ఉంది కాబట్టి హెచ్‌ఎంఆర్‌సీ (యూకే పన్నుల శాఖ) ఆమోదం ఉన్నట్టేనని స్కీమ్ అంటగట్టారు. ఇప్పుడు ట్రస్టీ అప్పు తీర్చమంటున్నాడు. ఏం చేయాలండీ?

జవాబు 1: డోటాస్ నంబరు ఆమోదం కాదండీ, స్కీమ్ వివరాలు తెలియజేశారనడానికి గుర్తు మాత్రమే. 1999 ఏప్రిల్ 6 నుంచి తీసుకుని 2019 ఏప్రిల్ 5కి తీరని ఇలాంటి అప్పులన్నిటినీ ఒక్క ఏడాది ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేసేలా 2017లో చట్టం తెచ్చారు, అదే లోన్ ఛార్జ్. ఇది ముమ్మాటికీ అన్యాయం. దీనిపై 2019లో జరిగిన మోర్స్ స్వతంత్ర సమీక్ష తర్వాత 2010 డిసెంబర్ 9కి ముందువి తప్పించారు. బ్యాంకు స్టేట్‌మెంట్లలో ఒక్కో జమ తేదీ చూసి, ఆ తేదీకి ముందువి, తర్వాతవి అని రెండు కుప్పలు చేయండి.

జవాబు 2: పాత కుప్ప పూర్తిగా వదిలిపోయిందనుకోవద్దు. ఆ ఏడాది రిటర్నుపై హెచ్‌ఎంఆర్‌సీ గడువులోపు విచారణ తెరిచి ఉంటే అది ఇంకా బతికే ఉండొచ్చు. పాత ఉత్తరాలన్నీ వెతకండి. కొత్తగా అసెస్‌మెంట్ (పన్ను లెక్కగట్టిన నోటీసు) వస్తే 30 రోజుల్లో అప్పీలు వేయాలి.

జవాబు 3: ట్రస్టీ గొడవ వేరు. ఇప్పుడు అతనికి కట్టినా లోన్ ఛార్జ్ పోదు, 2019 తేదీ దాటిపోయింది. లాయరుకు చూపించకుండా ‘బాకీ ఉన్నాను’ అని సంతకంతో రాసివ్వకండి, కాలపరిమితి ఇంకా మిగిలి ఉంటే మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. స్కీమ్ అమ్మినవారిపై నిర్లక్ష్యం దావాకు మామూలుగా 6 ఏళ్లు, లేదా నష్టం తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లు. ఎలా చూసినా 15 ఏళ్లు దాటకూడదు. అమ్మిన కంపెనీ మూతపడి ఉంటే గెలిచినా వసూలు కష్టం, ముందు అది చూసుకోండి.