స్థాపకుడా, ఆద్యుడా, పితామహుడా? ఫొటో కింద ఏం రాయాలి

నల్లరేగడి:
మా ఊరి గ్రంథాలయం ప్రత్యేక సంచిక అచ్చుకి వెళ్తోంది. ఫొటోల కింద రాసే మాటల దగ్గర ఆగిపోయాం. ఒకాయన పూనుకుని, చందాలు పోగుచేసి గ్రంథాలయం పెట్టారు. ఇంకొకాయన స్థలం ఇచ్చారు. రిబ్బను కత్తిరించింది అప్పటి కలెక్టరు. ఒకావిడ మహిళా విభాగం మొదలుపెట్టారు. అయిదో ఆయన వేరుశనక్కాయలు ఒలిచే మిషను తయారుచేసిన మెకానిక్. చిత్తుప్రతిలో ‘ప్రారంభకులు’, ‘పితామహుడు’, ‘ఆవిష్కర్త’ ఎవరికి తోచినట్టు వాళ్లు తగిలించారు. ఏది ఎవరికి తగునో చెప్పండి.

అచ్చుతప్పు:
ముందు ‘ప్రారంభకులు’ కొట్టేయండి. శిలాఫలకాలు చదివి చదివి ఆ మాట వినగానే రిబ్బను కత్తిరించిన అతిథే గుర్తొస్తాడు. చందాలు పోగుచేసినాయన ‘స్థాపకులు’. స్థలం ఇచ్చినాయన ‘స్థలదాత’. కలెక్టరు గారికి ‘ప్రారంభోత్సవం చేసినవారు’ చాలు. శంకుస్థాపన వేరొకరు చేసి ఉంటే అదీ విడిగా రాయాలి. శంకుస్థాపన చేసినంత మాత్రాన స్థాపకులు అయిపోరు!

‘ఆవిష్కర్త’తోనూ అదే తంటా. పుస్తకావిష్కరణ, విగ్రహావిష్కరణ అన్నప్పుడు అర్థం తెర తీయడమే. సభలో పుస్తకం మీది రంగు కాగితం విప్పిన పెద్దమనిషి కూడా ఆవిష్కర్తే. మీ సంచిక విడుదల రోజు ఆహ్వానపత్రంలో కూడా ఆ మాట ఉంటుంది కదా. మెకానిక్ గారికి ‘యంత్ర రూపకర్త’ బాగుంటుంది. పింగళి వెంకయ్య గారిని జాతీయ పతాక రూపకర్త అంటున్నది ఈ అర్థంలోనే.

‘కనిపెట్టారు’ అనాలంటే మాత్రం అలాంటి మిషను అంతకుముందు ఎక్కడా ఉండకూడదు. ఆవిరి యంత్రం అనగానే జేమ్స్ వాట్ అంటాం గానీ, న్యూకొమెన్ యంత్రం 1712లోనే గనుల్లో నీళ్లు తోడింది. వాట్ చేసింది ఆవిరిని సిలిండరులో కాకుండా విడి గదిలో చల్లబరచడం. దాని మీద పేటెంటు 1769లో వచ్చింది. కాబట్టి మీ ఆయన జల్లెడ మార్చారా, రోలరు మార్చారా, చేత్తో తిప్పేదానికి మోటారు బిగించారా అడిగి, అదే రాయండి. అన్నట్టు, ముందే ఉండి మనకి తెలియనిదాన్ని బయటపెడితే ‘కనుగొన్నారు’. 1928లో రామన్ ఎఫెక్ట్‌ని కనుగొన్నారు, కనిపెట్టలేదు. పేపర్లు ఈ రెండూ కలిపేస్తున్నాయి.

పాలపిట్ట:
‘పితామహుడు’ అంటే మొదటివాడని చాలామంది అనుకుంటారు. అల్లసాని పెద్దనని చూడండి, ఆంధ్రకవితా పితామహుడు. ఆదికవి నన్నయది 11వ శతాబ్దం, పెద్దనది 16వ శతాబ్దం. అది పెద్దరికానికి ఇచ్చిన బిరుదు. పదకవితకి అన్నమయ్య, హరికథకి ఆదిభట్ల నారాయణదాసు, గ్రంథాలయోద్యమానికి అయ్యంకి వెంకటరమణయ్య... ఒక్కొక్కరి వెనుక ఒక రంగం మొత్తం ఉంది. ఒక్క ఊరి గ్రంథాలయానికి ఆ మాట వదులు చొక్కా. పైగా గ్రంథాలయ సంచికలో ‘పితామహుడు’ కనబడితే పాఠకుడి మనసు నేరుగా అయ్యంకి గారి మీదికే పోతుంది.

‘ఆద్యుడు’ కూడా ఒక పద్ధతికో, ఒక సంప్రదాయానికో మొదటివాడైతేనే అతుకుతుంది. ‘తొలి’ వాడితే హద్దు చెప్పండి: తాలూకాలోనా, జిల్లాలోనా? తెలుగులో తొలి నవల 1872 నాటి శ్రీరంగరాజ చరిత్రా, ఆ తర్వాత వచ్చిన రాజశేఖర చరిత్రమా అన్న పేచీ ఇంకా తెగలేదు.

ఒత్తక్షరం:
మహిళా విభాగం పెట్టినావిడకి ‘స్థాపకురాలు’ నిక్షేపంగా రాయొచ్చు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని అలాగే అంటాం. పితామహుడికి స్త్రీలింగం వెతక్కండి, ‘పితామహి’ అంటే నాయనమ్మ.

ఇంకో చిక్కు. ‘స్థాపకులు’ గౌరవ వాచకమూ అవుతుంది, బహువచనమూ అవుతుంది. నలుగురున్న ఫొటో కింద ‘స్థాపకులు’ అని వేస్తే నలుగురూ పెట్టారనుకుంటారు. ఎడమ నుంచి ఎన్నోవారో రాయాలి. అనుమానం ఉన్నచోట నామవాచకం మానేసి క్రియ వాడితే గొడవ వదిలిపోతుంది: ‘ఈ గ్రంథాలయం పెట్టింది వీరే’. తెలుగులో బడి పెడతాం, పత్రిక పెడతాం, హోటలు పెడతాం. కాకపోతే ‘పెట్టుబడి పెట్టినవారు’ వేరే మనిషి.

ప్రూఫులో స్థ మీద కన్నేయండి. ఫోనులో ఇంగ్లిషు అక్షరాలతో కొడితే త, థ తారుమారవుతాయి. ‘స్తాపకులు’, ‘వ్యవస్తాపకులు’, ‘ఆధ్యులు’ మూడూ తప్పే. ‘ఆద్యులు’లో ద-కి వత్తు లేదు.

నల్లరేగడి:
చాలా మేలు చేశారండీ. మెకానిక్ గారిని అడిగాం. మిషను బయట కొన్నదే, జల్లెడ కన్నాలు మన కాయ సైజుకి మార్చి మోటారు పెట్టారట. ఆయన మనవడు హైదరాబాద్‌లో కంపెనీ పెట్టి ఎనిమిదేళ్లయింది. ప్రకటన ఇచ్చాడు, ‘ఔత్సాహిక పారిశ్రామికవేత్త’ అని వేయమంటున్నాడు. వేయొచ్చా?

అచ్చుతప్పు:
ఔత్సాహిక నాటక సమాజం అంటే సరదా కొద్దీ నాటకాలు వేసేవాళ్లు. ఎనిమిదేళ్లు జీతాలిచ్చినవాణ్ని అలా అంటే చిన్నబుచ్చినట్టే. కంపెనీ పేరు వేసి పక్కన ‘వ్యవస్థాపకుడు’ అనండి. తాతగారి కింద ‘జల్లెడ మార్చి, మోటారు బిగించినవారు’ అని ఉన్నదున్నట్టు వేయండి.