పాత కస్టమర్లకి రేటు పెంచుతున్నానని ఎలా చెప్పాలి? (కిటికీ అద్దాల పని, నిజాంపేట)

అద్దాలపని_నిజాంపేట | జనవరి 19, 2025

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి వైపు అపార్ట్‌మెంట్లలో కిటికీలు, బాల్కనీ అద్దాలు, దోమల జాలీలు శుభ్రం చేస్తాను. కంపెనీ లేదు, మనుషులు లేరు, నేనొక్కడినే. బండి, మడత నిచ్చెన, రెండు బకెట్లు, మూడు సైజుల వైపర్లు. 2019 దసరాకి మొదలుపెట్టాను. అప్పుడు రెండు బెడ్‌రూమ్‌ల ఇంటికి 600, మూడు బెడ్‌రూమ్‌లకి 800 అని చెప్పాను. పాతవాళ్ళ దగ్గర ఇప్పటికీ అదే తీసుకుంటున్నాను. కొత్తగా వచ్చేవాళ్ళకి మాత్రం 900, 1,200 చెప్తున్నాను. వాళ్ళు బేరం కూడా పెద్దగా ఆడట్లేదు.

నాకు మూడు నెలలకోసారి పిలిచే ఇళ్ళు 69 ఉన్నాయి. అందులో 48 పాతవే. అంటే నా పనిలో ఎక్కువ రోజులు తక్కువ డబ్బులకే పోతున్నాయి. మొదలుపెట్టినప్పుడు లీటర్ పెట్రోల్ 80 లోపే ఉండేది, ఇప్పుడు 107 దాటింది. వైపర్ రబ్బర్లు, లిక్విడ్లు, గుడ్డలు అన్నీ పెరిగాయి. నేను మాత్రం పెంచలేదు, నోరు రాలేదు.

పని తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. గుడ్డతో తుడిచేస్తే అయిపోయే పని కాదిది. వంటింటి కిటికీనే తీసుకోండి. పోపు ఆవిరి, దుమ్ము కలిసి జాలీ మీద జిగురులా పట్టేస్తుంది. స్లైడింగ్ తలుపుని పైకెత్తి, ట్రాక్‌లోంచి తప్పించి, లోపలికి తెచ్చుకుని, జాలీని వేడినీళ్ళతో బాత్రూమ్‌లో కడగాలి. బయటికి వేలాడి తుడిచే పని నేను చేయను. ట్రాక్‌లో పావురాల రెట్ట గట్టిపడి ఉంటే, దాన్ని తడిపి పావుగంట నాననిచ్చి స్క్రాపర్‌తో తీయాలి. పొడిగా గీకితే ఆ దుమ్మంతా ముక్కులోకి పోతుంది. ఇక బోరు నీళ్ళతో కడిగి వదిలేస్తే ఆరాక తెల్ల చుక్కలు పడతాయి. అందుకే చివరి తడి ఆర్వో నీళ్ళతో ఇస్తాను. ఆ క్యాన్ కూడా నేనే కొనుక్కుని తీసుకెళ్తాను. ఒక ఇంటికి మూడు గంటలు పడుతుంది.

సంక్రాంతి ముందు ఒక గొడవ జరిగింది. ఒకే ఫ్లోర్‌లో ఎదురెదురు ఇళ్ళు. ఒకళ్ళు 2020 నుంచి ఉన్నవాళ్ళు, ఇంకొకళ్ళు కొత్త. పని అయ్యాక ఇద్దరూ మాట్లాడుకున్నారు. కొత్త ఆయన లిఫ్ట్ దగ్గర నన్ను ఆపి "వాళ్ళకి 600, నాకు 900నా? మొహం చూసి రేటు చెప్తావా?" అని అందరి ముందూ అన్నారు. నేను మోసం చేయలేదు, కానీ ఆ నిమిషంలో సమాధానం దొరకలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పాతవాళ్ళకి ఎంత పెంచాలి, ఎప్పుడు చెప్పాలి, ఏ మాటతో చెప్పాలి? సగం మంది మానేస్తే ఏంటన్న టెన్షన్ ఒకటి. దానికంటే ఎక్కువగా నా మొదటి కస్టమర్ గురించి ఆలోచిస్తున్నాను. రిటైరైన టీచర్ గారు, ఒక్కరే ఉంటారు. నాకు పని లేని రోజుల్లో పది ఇళ్ళకి ఫోన్ చేసి చెప్పింది ఆవిడే. ఆవిడకి ఏమని చెప్పను?

---

బి_బ్లాక్_సెక్రటరీ

బాబూ, నేను కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు చూస్తాను. డబ్బు ఇచ్చేవైపు నుంచి చెప్తున్నాను.

మాకు కోపం తెప్పించేది పెంపు కాదు, పని అయ్యాక గుమ్మంలో నిలబడి చెప్పడం. పర్సులోంచి 600 తీసి చెయ్యి చాపాక "ఈసారి 750 అండీ" అంటే, అది న్యాయమైన రేటే అయినా మోసపోయినట్టు అనిపిస్తుంది. మా సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్ళు ప్రతి ఏడాదీ నెల ముందు కాగితం పంపుతారు. ఎంత, ఏ తేదీ నుంచి, అంతే. మేం కాసేపు గొణుక్కుంటాం, సంతకం పెడతాం. బ్యాంకులో ఏటా కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమా (ప్రమాద బీమా) 12 రూపాయలు ఉండేది, 2022 జూన్ 1 నుంచి 20 అయింది. ఎంత, ఏ తేదీ నుంచి అని చెప్పారు, కట్ చేసుకున్నారు. దాని కోసం బీమా మానేసినవాళ్ళు నాకు తెలిసి మా బ్లాక్‌లో లేరు. (నిచ్చెన ఎక్కే పని నీది, ఆ బీమా నీకుందా? లేకపోతే రేపే బ్యాంకుకి వెళ్ళు.)

అందరికీ ఒకే రోజు చెప్పు. వాట్సాప్ గ్రూపులున్న కాలం ఇది, ఒకరికి ముందు, ఒకరికి వెనక అంటే మళ్ళీ లిఫ్ట్ దగ్గర పంచాయితీ. నీ కష్టాల జాబితా రాయకు. పెట్రోలు, స్కూలు ఫీజులు, ఇంటద్దె అని రాస్తే ప్రతిదానికీ ఎవరో ఒకరు ఎదురు లెక్క చెప్తారు. ఇలా పంపితే చాలు:

"నమస్కారం అండీ. కిటికీల పనికి ఏప్రిల్ 1 నుంచి రెండు బెడ్‌రూమ్‌ల ఇంటికి 750, మూడు బెడ్‌రూమ్‌లకి 1,000. 2019 తర్వాత రేటు మార్చడం ఇదే మొదటిసారి. మార్చి 31 లోపు చేయించుకుంటే పాత రేటే. ఏమైనా అడగాలంటే సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయండి."

ఇంకో లెక్క. 48 ఇళ్ళు, ఒక్కోటి 600 అనుకుంటే 28,800. అదే 750 చొప్పున 39 ఇళ్ళే మిగిలినా 29,250. అంటే తొమ్మిది మంది మానేసినా నీ రాబడి తగ్గదు, పైగా ఇరవై ఏడు గంటలు మిగులుతాయి. సగం మంది మానేస్తారన్న భయం పెట్టుకోకు.

---

బ్లౌజులు_బెజవాడ

తమ్ముడూ, నేను సత్యనారాయణపురంలో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. నీ పోస్టు చదివితే నా సంగతే రాసినట్టుంది.

నేను లైనింగ్ బ్లౌజుకి 250 తీసుకునేదాన్ని. నాలుగేళ్ళు పెంచలేదు. అందరూ తెలిసినవాళ్ళే, "మన అమ్మాయే కదా" అంటారు, ఆ మాట దగ్గర నా నోరు మూసుకుపోయేది. చివరికి ఒకసారి ఓపిక నశించి 400 చేసేశాను. అది కూడా ఎప్పుడు? శ్రావణమాసం ముందు, అందరికీ వరలక్ష్మీవ్రతానికి బ్లౌజు కావాల్సిన వారంలో. కుట్టించుకున్నారు, ఎందుకంటే వేరే దారి లేదు. దసరాకి చూస్తే పదకొండు మంది రాలేదు. ఒకావిడ మా వీధిలోనే ఎదురైంది, "అవసరం చూసి పెంచావు" అంది. ఆ మాట నిజం కాదని నాకు తెలుసు, కానీ నేను ఎంచుకున్న సమయం అలాగే కనిపించింది. తర్వాత 350కి దించాల్సి వచ్చింది. పెంచడం కంటే దించడమే ఎక్కువ నామోషీ.

కాబట్టి దసరా, సంక్రాంతి ముందు మాత్రం వద్దు. జనాలకి పని తప్పనిసరి కాని నెలల్లో చెప్పు. ఒక్కసారే 900 చేయకు. ఇప్పుడు 750, వచ్చే ఏడాది 900. అప్పటికి పాతా కొత్తా ఒకటే అవుతుంది. ఎదురింటాయన అడిగితే దాచకు: "వాళ్ళు నా మొదటి రోజుల నుంచి ఉన్నవాళ్ళండీ, వాళ్ళకీ పెరుగుతోంది, వచ్చే ఏడాదికి అందరికీ ఒకటే" అని చెప్పు. చెప్పడానికి సమాధానం ఉంటే గొంతు వణకదు.

ఇప్పుడు నేను ఏటా ఏప్రిల్‌లో కొత్త రేట్లు అట్ట మీద రాసి మిషన్ వెనక గోడకి తగిలిస్తాను. అడిగినవాళ్ళకి అటు చూపిస్తాను.

---

ట్యాంక్_క్లీనింగ్

అన్నా, నేను సంపులు, ఓవర్‌హెడ్ ట్యాంకులు కడుగుతా, ఎల్బీ నగర్ సైడ్. పెంచే ముందు ఒకటి చూసుకో. 600లో నువ్వు ఊరికే చేసిపెట్టేవి ఏమేం ఉన్నాయి? నా దగ్గర ట్యాంక్‌తో పాటు వాల్వ్ చూడు, మూత సరిచెయ్యి, బాల్కనీ కూడా ఒకసారి కొట్టెయ్ అనేవాళ్ళు. పైసా ఇచ్చేది లేదు, నేనూ కాదనేది లేదు. గంట పోయేది. ఇప్పుడు వాల్వ్ పనికి వేరే, మూతకి వేరే అని ముందే చెప్తున్నా. సగం మంది "అయితే వద్దులే" అంటారు, గంట మిగులుతుంది. మిగతా సగం డబ్బులిస్తారు.

---

అద్దాలపని_నిజాంపేట

అన్నా, నిజమే. చాలా ఇళ్ళలో ఫ్యాన్లు కూడా తుడిచిపెడుతున్నాను. "నిచ్చెన ఎలాగూ ఉందిగా" అంటారు. నాలుగు ఫ్యాన్లంటే నలభై నిమిషాలు. ఇది లెక్కలోకే తీసుకోలేదు.

సెక్రటరీ గారూ, మీ లెక్క కాగితం మీద వేసి చూసుకున్నాను, గుండె కుదుటపడింది. బీమా లేదు, ఈ వారంలోనే కడతాను. అక్కా, టీచర్ గారి విషయం ఒక్కటి చెప్పండి. ఆవిడకి మెసేజ్ పంపకుండా పాత రేటుకే చేయనా?

---

బ్లౌజులు_బెజవాడ

వద్దు. ఆవిడకి వేరేవాళ్ళ ద్వారా తెలుస్తుంది, "నన్ను జాలి పడి వదిలేశాడు" అనుకుంటారు. టీచర్‌గా చేసినావిడ, అది బాధ పెడుతుంది. మెసేజ్ కాకుండా నువ్వే వెళ్ళి చెప్పు. అందరికంటే ముందు ఆవిడకే చెప్పు.

---

లెస్టర్_నుంచి

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. ఇక్కడ కిటికీలు తుడిచేవాళ్ళకి వీధి వీధికీ పాతుకుపోయిన ఇళ్ళుంటాయి, నెలకో, రెండు నెలలకో ఒకసారి వచ్చి వెళ్తారు. మా వీధికి వచ్చే ఆయన పొడవాటి కర్రకి బ్రష్ కట్టి, ఉప్పు తీసేసిన నీళ్ళు కింద నుంచే కొట్టి వెళ్ళిపోతాడు, తుడిచే పని కూడా లేదు, చుక్కలు పడకుండా ఆరిపోతుంది. మీ ఆర్వో క్యాన్ చదవగానే ఆయనే గుర్తొచ్చాడు. ఆ మాట కస్టమర్లకి చెప్పండి, నీళ్ళు మీరు తెచ్చుకుంటారని ఎవరూ గమనించి ఉండరు.

రేటు పెంచినప్పుడు ఆయన తలుపు సందులో చిన్న చీటీ వేశాడు: "వచ్చే విడత నుంచి 12 కాదు, 14 పౌండ్లు." అంతే రాశాడు. మా ఆవిడ చదివి ఫ్రిజ్‌కి అంటించింది, దాని గురించి ఇంట్లో మళ్ళీ మాట రాలేదు.

---

అద్దాలపని_నిజాంపేట | మే 4, 2025

అందరికీ జరిగింది చెప్పాలని వచ్చాను.

ఫిబ్రవరి 23 ఆదివారం ఉదయం 48 మందికీ మెసేజ్ పంపాను. ఫోన్ పక్కన పెట్టి బయటికి వెళ్ళిపోయాను, చూస్తూ కూర్చోలేకపోయాను. సాయంత్రానికి పందొమ్మిది మంది సరే అన్నారు. ఇద్దరు 650 ఇస్తామన్నారు, "అందరికీ ఒకటేనండీ" అన్నాను, ఒకరు ఒప్పుకున్నారు. ఇప్పటికి మొత్తం ఆరుగురు మానేశారు. అందులో ఇద్దరిళ్ళలో ఎప్పుడూ ఫ్యాన్లు తుడిచేవాడిని. ఫ్యాన్‌కి ఇప్పుడు 50 వేరుగా తీసుకుంటున్నాను.

ఒక్క విషయంలో దెబ్బ తిన్నాను, నాలాంటివాళ్ళెవరైనా చదువుతుంటే జాగ్రత్త. "మార్చి 31 లోపు పాత రేటు" అని రాయడంతో అందరూ మార్చి ఆఖరి రెండు వారాలకే ఎగబడ్డారు. నెలకి పదహారు చేసే పాత ఇళ్ళు ఆ నెల ముప్పై ఒకటి చేశాను, అన్నీ పాత రేటుకే. రోజుకి మూడిళ్ళు, కుడి మణికట్టు వాచిపోయింది. ఏప్రిల్‌లో చూస్తే ఫోన్ మోగలేదు, ఎందుకంటే అందరి వంతూ అయిపోయింది. కొత్త రేటు డబ్బులు ఇప్పటిదాకా చేతికొచ్చింది ఎనిమిది ఇళ్ళ నుంచే. సెక్రటరీ గారూ, తప్పు మీది కాదు, నా పని మూడు నెలల వంతుల మీద నడుస్తుందన్నది నేనే ఆలోచించుకోవాల్సింది. లెస్టర్ అన్న చెప్పిన చీటీలో ఉన్న మాటే సరైనది: తేదీ పెట్టకుండా "మీ ఇంటికి వచ్చే విడత నుంచి" అని రాయాలి. వచ్చే ఏడాది 900 చేసేటప్పుడు అలాగే రాస్తాను.

టీచర్ గారింటికి ఆదివారానికి ముందు రోజే వెళ్ళాను. చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని "ఐదేళ్ళ నుంచీ అదే తీసుకుంటున్నావా?" అని తేదీలు అడిగారు, వేళ్ళ మీద లెక్క పెట్టారు. తర్వాత, పెన్షన్‌లో మందులకే చాలా పోతోంది, ఇక దసరాకి, సంక్రాంతికి మాత్రమే రా అన్నారు. నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. ఆవిడ వంటింటి కిటికీ నాకు తెలుసు, ఆరు నెలలు వదిలేస్తే జాలీలోంచి గాలి కూడా రాదు. "అమ్మా, మిగతావి పండగలకి చూద్దాం, వంటింటి కిటికీ, హాలు కిటికీ మాత్రం మూడు నెలలకోసారి చేస్తాను, రెండింటికీ 200 ఇవ్వండి, గంట పని" అన్నాను. కాసేపు ఆలోచించి 250కి అయితే ఒప్పుకుంటానన్నారు. క్యాలెండర్‌లో మే నెల తిప్పి, 24 చుట్టూ సున్నా చుట్టారు.

ఇళ్ళు కాక షాపుల అద్దాలు కూడా తుడుస్తాను, ఆ షాపుల వాళ్ళు పదకొండు మంది ఉన్నారు, వాళ్ళకింకా చెప్పలేదు. వారానికోసారి చేసే పని కాబట్టి వాళ్ళకి నెల మొదటి తారీఖు సరిపోతుందనుకుంటున్నాను. షాపులకి ఎవరైనా ఇలా రేటు పెంచి ఉంటే చెప్పండి.