ఊరి డాక్టరు ఎమ్మెల్యే అయితే ఊరు గెలిచినట్టా, డాక్టర్ని పోగొట్టుకున్నట్టా?

సీమ బిడ్డ:
మా ఇంట్లో రెండు రోజులుగా ఇదే వాదన. వైఎస్ రాజశేఖరరెడ్డి గారు గుల్బర్గాలో ఎంబీబీఎస్ చదివారు, జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పనిచేశారు, 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరు మీద 70 పడకల ఆసుపత్రి పెట్టారు. రూపాయి డాక్టరని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. 1978లో ఎమ్మెల్యే అయ్యారు. అంటే ఊళ్లో ఆసుపత్రి పెట్టాక అయిదేళ్లు, ఆ తర్వాత 2009లో చనిపోయే దాకా రాజకీయమే. ఆ అయిదేళ్లలో చూసిన కష్టాలే తర్వాత ఆరోగ్యశ్రీ అయ్యాయంటాడు నాన్న. అమ్మ ఒప్పుకోదు. "ఎమ్మెల్యేలకేం కొదవ? నాడి చూసే మనిషి పోతే మళ్లీ ఎక్కడ తెస్తారు?" అంటుంది. మీరేమంటారు? పార్టీల గొడవ మాత్రం వద్దు.

పల్నాడు రైతు:
నేను మీ నాన్నగారి వైపు. మా నరసరావుపేటలో కోడెల శివప్రసాదరావు గారు సర్జన్. 1983లో ఎన్టీఆర్ పార్టీలో చేరి గెలిచారు, 2014లో స్పీకరయ్యారు. ఆయన చేతి మీద ఆపరేషన్ అయిన ఇళ్లు మా వైపు ఎన్నో. రాజకీయంగా ఆయన మీద ఎవరి అభిప్రాయం వాళ్లది, అది వదిలేద్దాం. నేను చెప్పేది ఒకటే. వాంతులు, విరేచనాలకి డాక్టరు సెలైన్ పెట్టి ఇంటికి పంపిస్తాడు. వచ్చే వానాకాలం అదే పిల్లాడు మళ్లీ వస్తాడు, తాగేది అదే చెరువు నీళ్లు కాబట్టి. మంచినీళ్ల ట్యాంకు సంతకం చేసే కుర్చీలో ఆ డాక్టరే కూర్చుంటే తప్పేముంది?

పీహెచ్‌సీ డాక్టర్:
ఆరోగ్యశ్రీని తక్కువ చేసి మాట్లాడను. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. అంతకుముందు పేదవాడికి గుండె ఆపరేషన్ కావాలంటే ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకోవాలి, లెటరు కోసం నాయకుల చుట్టూ తిరగాలి. తెల్లకార్డు చూపిస్తే చాలు అన్న రోజు వచ్చింది. 108 కూడా అంతే. 2005 ఆగస్టు 15న మొదలయ్యాక అర్ధరాత్రి నొప్పులొస్తే ట్రాక్టరు కోసం వెతుక్కునే బాధ తగ్గింది. 108ని మొదలుపెట్టింది ఒక ప్రైవేటు సంస్థ, కానీ ఆరోగ్యశ్రీ వైద్యం తెలిసిన మనిషి ఆలోచనే అని నేనూ నమ్ముతాను.

అయినా ఒక మాట. ఆ గుండె ఆపరేషన్ దాకా మనిషి ఎలా వచ్చాడు? పదేళ్ల కిందట బీపీ చూసి, ఉప్పు తగ్గించు, మాత్ర మానావంటే ఊరుకోను అని తిట్టే డాక్టరు దగ్గర్లో లేకపోబట్టే. ఆ తిట్టుకి ఏ పథకంలోనూ ప్యాకేజీ లేదు. పెద్ద ఆపరేషన్ల డబ్బు చాలావరకు ప్రైవేటు ఆసుపత్రులకే పోయిందన్న విమర్శ మొదటి నుంచీ ఉంది, మాలాంటి చిన్న ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకి అందులో నిజం కనిపిస్తూనే ఉంటుంది.

కాంపౌండరు కొడుకు:
మా నాన్న ఒక డాక్టరు గారి దగ్గర ఇరవై రెండేళ్లు పనిచేశాడు. ఊరి పేరు, ఆయన పేరు చెప్పను. పొద్దున్నే కిరసనాయిలు స్టవ్ మీద స్టీలు డబ్బాలో సిరంజిలు మరగబెట్టడంతో నాన్న పని మొదలయ్యేది. డాక్టరు గారు మనిషి గుమ్మంలో ఉండగానే "ఏమ్మా, చిన్నోడికి ఆయాసం తగ్గిందా?" అని అడిగేవారు. కేసు షీటు చూసి అడిగేది కాదు, ఊరంతా ఆయన మనసులో ఉండేది.

ఎన్నికల్లో నిలబడ్డారు, గెలిచారు. పొద్దున పూట రోగుల్ని చూస్తానన్నారు, కొన్నాళ్లు చూశారు కూడా. అదే బెంచీ మీద ట్రాన్స్‌ఫర్ కాగితాలు పట్టుకున్నవాళ్లు, పెన్షన్ రానివాళ్లు, పార్టీవాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. పార్టీవాళ్లే ముందు లోపలికి వెళ్లేవాళ్లు. మా నానమ్మకి షుగరు. కాలి పుండుతో మూడుసార్లు వెళ్లి చూపించుకోకుండానే తిరిగొచ్చింది. చివరికి బొటనవేలు తీసేశారు.

ఇంకోటి ఎవరూ అనడం లేదు. అవతలి పార్టీ ఇళ్లవాళ్లు ఆయన గుమ్మం ఎక్కడమే మానేశారు. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా పక్క ఊరు పోయేవాళ్లు. అంతకుముందు ఆయన అందరి డాక్టరు.

పల్నాడు రైతు:
మీ నానమ్మగారి సంగతి చదివి బాధేసింది తమ్ముడూ. కానీ అందరూ అలా అవుతారనలేం. బెంగాల్లో బి.సి.రాయ్ గారు 1948 నుంచి 1962లో చనిపోయే దాకా ముఖ్యమంత్రి, ఆ పదవిలో ఉండి కూడా రోజూ పేద రోగుల్ని ఉచితంగా చూసేవారు.

పీహెచ్‌సీ డాక్టర్:
రాయ్ గారు కలకత్తా డాక్టరండీ. ఆయన ఒక రోజు చూడకపోతే అక్కడ ఇంకో వందమంది ఉన్నారు. ఒక్క డాక్టరే ఉన్న ఊరి లెక్క వేరు. పోటీ చేయొద్దని నేననను. వెళ్లేవాళ్లు తమ కుర్చీలో ఇంకో డాక్టర్ని కూర్చోబెట్టి వెళ్లాలి. పులివెందులలో అయినా ఆసుపత్రంటూ ఒకటి కట్టి వెళ్లారు.

సీమ బిడ్డ:
అన్నీ అమ్మకి చదివి వినిపించాను. ఆసుపత్రి సంగతికి నాన్న "చూశావా" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. కాంపౌండరు కొడుకు గారిని మాత్రం ఒకటి అడగమంది: ఇప్పుడు మీ ఊళ్లో ఎవరు చూస్తున్నారు?

కాంపౌండరు కొడుకు:
టౌన్ నుంచి ఒకాయన వస్తారక్కా. మంగళవారం, శుక్రవారం. మిగతా రోజుల్లో మా నాన్న దగ్గరికే వస్తారు. ఆయనకి డెబ్బై దాటాయి. బీపీ చూసి, ఎక్కువుంటే ఆటో ఎక్కించి పంపిస్తాడు.